లెక్క చదివే ఊరు, లెక్క చెప్పని జట్టు

సంక్రాంతికి పలాస స్టేషన్లో దిగేవాళ్లు కొత్తబట్టలతో పాటు తలో ఊరి ఆటనూ వెంట తెస్తారు. కోల్‌కతా ఫుట్‌బాల్, హైదరాబాద్ క్లబ్బు, విశాఖ కబడ్డీ, గల్ఫ్ స్టేడియాలు... అన్నీ పలాస చుట్టూ ఉన్న మా ఉద్దానం టీ బడ్డీ దగ్గర కలుస్తాయి. మాట ఎటు తిరిగినా చివరికి వచ్చి ఆగేది ఒక్క ప్రశ్న దగ్గరే. జట్టు ఎవరిది?

ముక్కనుమ సాయంత్రం. కొబ్బరితోట పక్కన చదును చేసిన ఇసుక నేల మీద సున్నంతో గీసిన గీతలు సగం చెరిగిపోయాయి. చెడుగుడు ఫైనల్ అయిపోయింది. గెలిచినవాళ్లు షీల్డు భుజాన వేసుకుని డప్పులతో వీధుల్లోకి వెళ్లిపోయారు. అయినా జనం లేవలేదు. ఆడవాళ్లు గట్టు మీద, పెద్దలు కుర్చీల్లో, పిల్లలు ఇసుకలో అలాగే కూర్చున్నారు. ఇంకో ఘట్టం ఉంది. కమిటీ కుర్రాడు మైకు అందుకుని, నూటతొంభై రెండు పేజీల నోటు పుస్తకం తెరిచి చదవడం మొదలుపెడతాడు. ఖరగ్‌పూర్‌లో ఉన్న మన ఊరివాళ్లు ఇంత. గల్ఫ్‌లో ఉన్నవాళ్లు ఇంత. కిరాణా కొట్టు ఇంత. కూలికి వెళ్లే ఫలానా ఇల్లు, వంద రూపాయలు. తర్వాత ఖర్చు. సున్నం, షామియానా, మైకుసెట్టు, అంపైర్లకు భోజనాలు, జనరేటర్‌కి డీజిలు.

డీజిలు అనగానే జనంలోంచి ఒక గొంతు లేస్తుంది. "అంతెలా అయ్యింద్రా? కరెంటు పోనాది ఒక్క రాత్రే కదేటి!"

కుర్రాడు బిల్లు చూపించాలి. చూపించే దాకా ఆ గొంతు కూర్చోదు. వంద ఇచ్చిన ఇంటికీ అడిగే హక్కుంది, పదివేలు పంపిన ఇంటికీ అంతే హక్కుంది. మా ఊళ్లో నేను చూస్తూ పెరిగిన ఆచారం ఇది.

ఒక ఏడాది ఆ పుస్తకం నా చేతికే వచ్చింది. చివరి రోజు లెక్క తీస్తే 340 రూపాయలు తగ్గాయి. వాలీబాల్ నెట్టు బాగుచేయించడానికి ఇచ్చిన డబ్బు రాయడం మరిచిపోయానని రెండు రోజుల తర్వాత గుర్తొచ్చింది కానీ, ఆ రాత్రి మైకు ముందు నిలబడినప్పుడు గొంతు పెగల్లేదు. మా నాన్న లేచి "కుర్రోడి మీద మాట రానీకండి, నేనిస్తాను" అన్నాడు. ఊరి పెద్ద ఒప్పుకోలేదు. "డబ్బు సంగతి కాదు నాయనా, ఎక్కడికి ఎల్లిందో తెలవాలి కదా" అన్నాడు. ఆ మాట నాకు ముప్పై ఏళ్లుగా గుర్తుంది. ఈ కథనం రాయిస్తున్నదీ ఆ మాటే.

రైలు మోసుకొచ్చిన ఆట

నిజం చెప్పాలంటే ఉద్దానం ఫుట్‌బాల్ సీమ కాదు. ఇక్కడి నేల ఆట చెడుగుడు. తర్వాత వాలీబాల్ వచ్చింది, ఆ తర్వాత క్రికెట్ వచ్చి అన్నింటినీ కమ్మేసింది. కానీ ఫుట్‌బాల్ గురించి వాదించుకునేవాళ్లకు మా దగ్గర కొరవ లేదు. ఎందుకంటే మా ఊళ్లలో సగం జీవితం వలసే. జీడితోట, కొబ్బరితోట ఇంటిని ఏడాది పొడవునా పోషించలేవు. 2013లో ఫైలిన్, 2018 అక్టోబరులో తిత్లీ తుఫాన్లు తోటల్ని నేలమట్టం చేశాక వెళ్లేవాళ్లు ఇంకా పెరిగారు. చేపలవేట వాళ్లు గుజరాత్ వెరావల్‌కి, వెల్డర్లు, ఫిట్టర్లు గల్ఫ్‌కి, తాపీ పనివాళ్లు హైదరాబాద్‌కి.

వీటన్నిటికంటే పాత దారి ఖరగ్‌పూర్‌ది. మన ఊళ్ల మీదుగా పోయే రైలు మార్గం ఒకప్పుడు బెంగాల్ నాగ్‌పూర్ రైల్వేది. ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో పనికి కుదిరిన తెలుగువాళ్లు అక్కడ ఊళ్లకు ఊళ్లే కట్టుకున్నారు. వాళ్లు సెలవులకొస్తే మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ కబుర్లు తెచ్చేవారు. 1911లో బూట్లు లేని కాళ్లతో తెల్లవాళ్ల సైనిక జట్టును ఓడించి ఐఎఫ్ఏ షీల్డు గెలిచిన మోహన్ బగాన్ కథను చాలామంది పిల్లలు బడిలో కాదు, ఖరగ్‌పూర్ పెదనాన్నల నోట విన్నారు. నేనూ అలాగే విన్నాను.

ఆ మోహన్ బగాన్‌కి 2020లో ఒక పెద్ద పారిశ్రామిక సంస్థ వచ్చింది. ఫుట్‌బాల్ విభాగంలో 80 శాతం వాటా దానిది. వచ్చీ రాగానే జట్టు పేరుకు ముందు తన పాత క్లబ్బు పేరు తగిలించి 'ఏటీకే మోహన్ బగాన్' చేసింది. అభిమానులు భరించలేకపోయారు. గ్యాలరీల్లో బ్యానర్లు కట్టారు, వీధుల్లో ఊరేగారు, మూడేళ్లు వదల్లేదు. 2023 మార్చిలో జట్టు ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) కప్పు గెలిచిన రాత్రే యజమాని ఆ పేరు తీసేస్తున్నట్టు ప్రకటించారు. డబ్బు పెట్టినవాడు అక్కడే ఉన్నాడు, వాటా తగ్గలేదు. కానీ పేరు విషయంలో వెనక్కి తగ్గాల్సి వచ్చింది. వందేళ్ల అభిమానం ఆ మాత్రం బరువు తూగింది.

అంత వయసు లేని జట్టు సంగతి ఏమిటి? దానికి జవాబు హైదరాబాద్‌లో ఉంది.

పుణె నుంచి వచ్చింది, ఢిల్లీకి పోయింది

హైదరాబాద్ ఎఫ్‌సీ పుట్టింది 2019 ఆగస్టులో. ఆర్థిక ఇబ్బందులతో మూతపడిన పుణె క్లబ్బు స్థానంలో వచ్చింది. ఆ రోజు మనవాళ్లు పండగ చేసుకున్నారు. పుణెలో ఐదేళ్లు అదే జట్టు కోసం గొంతు చించుకున్నవాళ్ల గురించి మనమెవరమూ ఆలోచించలేదు. ఈ ఒప్పుకోలు ముందే రాయాలి.

మొదటి సీజన్‌లో జట్టు అట్టడుగున నిలిచింది. తర్వాత స్పెయిన్ నుంచి వచ్చిన మనోలో మార్కెజ్ కోచ్‌గా కుర్రాళ్లను నమ్మి జట్టు కట్టాడు. 2022 మార్చి 20న గోవా ఫటోర్డాలో ఐఎస్ఎల్ ఫైనల్. కేరళ బ్లాస్టర్స్ ముందు గోల్ కొట్టింది. ఇంకో రెండు నిమిషాల్లో ఆట ముగుస్తుందనగా సాహిల్ తవోరా దూరం నుంచి కొట్టిన బంతి వలలో పడింది. పెనాల్టీల్లో గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు ఆపాడు. 3-1. హైదరాబాద్ విజేత. కరోనా వల్ల ఆ సీజన్ మొత్తం గోవాలోనే జరిగింది. అంటే కప్పు గెలిచిన ఆ ఏడాది తన ఊళ్లో జట్టు ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. అభిమానులు టీవీ ముందు కూర్చుని గెలిచారు.

మరుసటి సీజన్‌లో గచ్చిబౌలి బాలయోగి స్టేడియానికి నేను చాలాసార్లు వెళ్లాను. 'డెక్కన్ లీజియన్' అనే అభిమాన బృందం పసుపు జెండాలతో ఒక మూల నిలబడి తొంభై నిమిషాలూ పాడుతూనే ఉండేది. వాళ్లకు ఎవరూ డబ్బిచ్చి పిలవలేదు. డప్పు వాళ్లదే, జెండా గుడ్డ వాళ్లదే, టికెట్టూ వాళ్లదే. గ్యాలరీలో మన జిల్లా యాస వినిపించి పక్కకు తిరిగితే, నలుగురు కుర్రాళ్లు. రోజంతా అపార్ట్‌మెంట్లకు సెంట్రింగ్ పని చేసి వచ్చారు. ఒకడిది కవిటి, ఒకడిది మందస. "మా ఊళ్లో చెడుగుడులాగే ఉంది, అందరూ ఒక్కసారే కూత పెడతన్నారు" అన్నాడు మందస కుర్రాడు. ఆ సీజన్ జట్టు పట్టికలో రెండో స్థానంలో నిలిచింది.

అక్కడి నుంచి పతనం ఎంత త్వరగా వచ్చిందో చెప్పడానికి ఒక్క అంకె చాలు. 2023-24లో 22 మ్యాచ్‌లు, ఒకే ఒక్క గెలుపు. కోచ్ అప్పటికే వెళ్లిపోయాడు. ఆటగాళ్లకు జీతాలు అందలేదు. బకాయిల వల్ల కొత్తవాళ్లను తీసుకోకుండా ఫిఫా నిషేధం పెట్టింది. విదేశీ ఆటగాళ్లు ఒక్కొక్కరే విమానం ఎక్కేశారు. చివరికి ఇరవై ఏళ్లు నిండీ నిండని కుర్రాళ్లు మిగిలి, పెద్ద జట్ల ముందు ఓడిపోతూ, ఓడిపోతూ కూడా పరిగెత్తారు. డెక్కన్ లీజియన్ అప్పుడూ వచ్చింది. గెలుపుల కోసం వచ్చేవాళ్లయితే అప్పుడే మానేసేవారు.

2024లో యాజమాన్యం మారింది. 2025లో జట్టు ఢిల్లీకి వెళ్లిపోయి 'స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ' అయ్యింది. అభిమానుల ముందు ఎవరూ మైకు పట్టుకుని పుస్తకం తెరవలేదు. ఎంత వచ్చింది, ఎంత పోయింది, ఎందుకు వెళ్తున్నాం అని చెప్పలేదు. మరొక్క సంగతి. ఇదే ఢిల్లీలో ఇంతకుముందు 'డైనమోస్' అనే జట్టుండేది. 2019లో దాన్ని భువనేశ్వర్‌కి తరలించి 'ఒడిశా ఎఫ్‌సీ' చేశారు. అంటే ఆరేళ్లలో పుణె జట్టు హైదరాబాద్‌కి, ఢిల్లీ జట్టు భువనేశ్వర్‌కి, హైదరాబాద్ జట్టు ఢిల్లీకి. సంతలో ఎద్దుకైనా అమ్మే ముందు కొమ్ములకు పసుపు రాసి, కళ్ల నీళ్లు పెట్టుకుని పంపుతాం.

దీని మూలం పై స్థాయిలో ఉంది. 2010లో జాతీయ ఫుట్‌బాల్ సమాఖ్య తన వాణిజ్య హక్కులన్నీ 15 ఏళ్లకు 700 కోట్ల రూపాయలకు ఒక సంస్థకు రాసిచ్చింది. ఐఎస్ఎల్ 2014లో ఆ ఒప్పందం మీదే పుట్టింది. 2025 డిసెంబరులో గడువు తీరేనాటికి కొత్త ఒప్పందం లేదు. పిలిచిన టెండరుకు ఒక్కరూ రాలేదు. సీజన్ సమయానికి మొదలు కాలేదు. కొన్ని క్లబ్బులు ఆటగాళ్ల జీతాలు ఆపేశాయి. మన పొరుగున ఉన్న ఒడిశా ఎఫ్‌సీ ఒప్పందాలనే తాత్కాలికంగా నిలిపేసింది. పదేళ్లు దీపాలు, బాణసంచా, సినిమా తారల మధ్య నడిచిన లీగ్ ఒక్క సంతకం మీద నిలబడి ఉందని అప్పుడు తెలిసింది.

హైదరాబాద్ ఫుట్‌బాల్ ఇలా మొదలు కాలేదు. బడిపంతులుగా జీవితం మొదలుపెట్టిన సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్పు గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్‌ను నాలుగో స్థానానికి, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణానికి తీసుకెళ్లింది ఆయనే. జకార్తా నాటికే క్యాన్సర్ ఆయన ఊపిరితిత్తులను తినేస్తోంది. మరుసటి ఏడాది పోయారు. ఆ ఆటగాళ్లకు నెల జీతం పోలీసు ఉద్యోగం నుంచి వచ్చేది. ఆ జట్టును ఎవరూ వేరే ఊరికి అమ్మలేరు. ఆ కాలం తిరిగి రావాలని నేననను. సర్కారు జట్లకూ వాటి జాడ్యాలు వాటికున్నాయి. కానీ వేళకు జీతం అందడం ఆటలో ఎంత పెద్ద సంగతో ఆ పోలీసు జట్టును చూస్తే తెలుస్తుంది.

రెండు కోట్ల అరవై లక్షల కూత

ఉద్దానంలో ఫుట్‌బాల్ కంటే గుండెకు దగ్గరగా తగిలేది తెలుగు టైటాన్స్ సంగతి. 2014లో ప్రొ కబడ్డీ మొదలైనప్పుడు మా ఊళ్లలో జరిగినంత సంబరం ఇంకెక్కడా జరిగి ఉండదు. మా ఆట, మా గీత, మా కూత టీవీలో! విశాఖలో మ్యాచ్ ఉందంటే పలాస నుంచి పాసింజర్ ఎక్కి వెళ్లి, చూసి, రాత్రి బండికి తిరిగొచ్చినవాళ్లు ఉన్నారు.

ఆ జట్టు యాజమాన్యం గురించి ఇక్కడ జరిగే వాదన విశాఖ స్టేడియంలోకి వినిపిస్తే బాగుండును. 2023 వేలంలో టైటాన్స్ పవన్ సెహ్రావత్‌కి 2 కోట్ల 60 లక్షల 50 వేలు పెట్టింది. అప్పటికి లీగ్ చరిత్రలోనే అది అత్యధికం. పవన్ గొప్ప రైడర్, అందులో సందేహం లేదు. కానీ ఆ సీజన్ 22 మ్యాచ్‌ల్లో జట్టు గెలిచింది రెండే. చెడుగుడు ఆడినవాడెవడైనా కారణం చెప్తాడు. కూతకు ఒక్కడే వెళ్తాడు, పట్టుకు మాత్రం ఏడుగురూ కావాలి. అతను అవుటై గట్టున కూర్చుంటే వెనక్కి తెచ్చేవాళ్లు ఉండాలి. డబ్బంతా కూత మీద పెట్టి పట్టు వదిలేస్తే ఫలితం అదే. పవన్ జట్టులో లేని 2025 సీజన్‌లో, విజయ్ మాలిక్ నాయకత్వంలో, అదే టైటాన్స్ ఫైనల్‌కు ఒక్క మెట్టు కింద దాకా వెళ్లింది. టీ బడ్డీ విశ్లేషకులు తప్పు చెప్పలేదు.

ఇంకో మాట ఉంది, అది బాధగా చెప్తారు. పేరు తెలుగు, రంగు తెలుగు, గ్యాలరీ తెలుగు. ఆడేవాళ్లలో తెలుగువాళ్లు వేళ్ల మీద లెక్క. ఇసుకలో మోకాళ్లు చెక్కుకుపోయేలా ఆడే మా కుర్రాడు ఆ మ్యాట్ మీదికి వెళ్లడానికి దారేది? హర్యానాలో చాలా పల్లెల్లో అఖాడా, మ్యాట్, కోచ్ ఉన్నాయి. మన జిల్లా ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట అనే చిన్న ఊరు పెద్ద డబ్బేమీ లేకుండా కరణం మల్లీశ్వరిని తయారు చేసింది. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో ఆమె 240 కిలోలు ఎత్తి, ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ అయ్యింది. ఊళ్లో ఒక వ్యాయామశాల, నేర్పే గురువు ఉంటే చాలని ఆ ఊరు చూపించింది. రెండు కోట్ల అరవై లక్షలతో అలాంటివి ఎన్ని నడపొచ్చో మా వాళ్లు వేలు మడిచి లెక్కేస్తారు.

కట్టినవాడు, చూసినవాడు

గల్ఫ్ నుంచి వచ్చినవాళ్ల కబుర్లు వేరు. వాళ్లు ఇంగ్లీషు క్లబ్బుల చొక్కాలు వేసుకుని దిగుతారు. క్యాంపు గదిలో మలయాళీ, నేపాలీ మిత్రులతో కూర్చుని మ్యాచ్‌లు చూసి చూసి ఆట లోతు తెలిసినవాళ్లు. 2022 కతార్ ప్రపంచకప్ వాళ్లకు టీవీలో చూసిన సంగతి మాత్రమే కాదు. ఎండలో ఇనుము అతికించిన పని కూడా. ఆ టోర్నీతో ముగిసిన నాలుగేళ్లలో ఫిఫాకు వచ్చిన ఆదాయం 750 కోట్ల డాలర్లు. కతార్‌లో కార్మికుడికి 2021 నుంచి చట్టం ఇచ్చిన కనీస వేతనం నెలకు 1000 రియాళ్లు. ప్రపంచకప్ పనుల్లో చనిపోయినవాళ్లు 400 నుంచి 500 మంది దాకా ఉండొచ్చని నిర్వాహక కమిటీ అధిపతే ఒక ఇంటర్వ్యూలో చెప్పారు. లుసైల్‌లో మెస్సీ కప్పు ఎత్తిన రాత్రి మేమూ కేకలు వేశాం. ఆ ఆనందం అబద్ధం కాదు. ఆ స్టేడియం పునాదిలో పేరు లేని చేతులున్నాయన్నదీ అబద్ధం కాదు.

అదే మెస్సీ 2025 డిసెంబరు 13న కోల్‌కతా వచ్చాడు. వేల రూపాయలు పోసి టికెట్లు కొన్న జనానికి సాల్ట్‌లేక్ స్టేడియంలో అతను కనిపించలేదు. చుట్టూ నాయకులు, ప్రముఖులు, వాళ్లవాళ్లు. కాసేపటికే అతను వెళ్లిపోయాడు. కుర్చీలు విరిగాయి, సీసాలు ఎగిరాయి. ఆ సాయంత్రం హైదరాబాద్ ఉప్పల్‌లో కార్యక్రమం సజావుగా జరిగింది. సంతోషమే. కానీ సొంత జట్టు ఊరు విడిచిపోయిన రెండు మూడు నెలలకే ఆ నగరం ఒక్క సాయంత్రం కోసం ఫుట్‌బాల్ దీపాలు వెలిగించుకుంది. ఆ దీపాల ఖర్చు చూసి గచ్చిబౌలిలో పాడిన కుర్రాళ్లు ఏమనుకుని ఉంటారో నేను ఊహించగలను.

అడిగే హక్కు

దీనికి మందు లేదా? ఉంది, కొన్నిచోట్ల వాడుతున్నారు కూడా. జర్మనీలో చాలా క్లబ్బుల్లో సగం కంటే ఒక్క ఓటు ఎక్కువ సభ్యుల చేతిలోనే ఉండాలని నియమం. ఎంత కోటీశ్వరుడొచ్చినా పెత్తనం పూర్తిగా కొనలేడు. ఇంగ్లండ్‌లో వింబుల్డన్ క్లబ్బును వేరే ఊరికి తరలించడానికి 2002లో అనుమతిస్తే, అభిమానులే చందాలేసుకుని ఏఎఫ్‌సీ వింబుల్డన్ పెట్టుకున్నారు. కింది అంచెల లీగ్ నుంచి ఎక్కుతూ 2011 నాటికి ఫుట్‌బాల్ లీగ్‌లోకి వచ్చేశారు. 2021 ఏప్రిల్‌లో 12 పెద్ద క్లబ్బులు తమకోసం ప్రత్యేకంగా సూపర్ లీగ్ ప్రకటించుకుంటే, జనం రోడ్డెక్కడంతో ఆరు ఇంగ్లీషు క్లబ్బులు రెండు రోజుల్లో వెనక్కి తగ్గాయి. 2025లో బ్రిటన్ చట్టమే తెచ్చింది. క్లబ్బు మైదానం మార్చాలంటే నియంత్రణ సంస్థ అనుమతి కావాలి, చొక్కా రంగు, చిహ్నం మార్చాలంటే అభిమానుల మాట వినాలి.

మన దేశంలోనూ 2025లో జాతీయ క్రీడా పాలన చట్టం వచ్చింది. అది సమాఖ్యల ఎన్నికల గురించి, ట్రిబ్యునల్ గురించి చెప్తుంది. మంచిదే. జట్టు ఊరు విడిచేటప్పుడు ఊరివాళ్లను అడగాలన్న మాట మాత్రం అందులో లేదు. ఆ మాట చేర్చమని తెలుగు అభిమానులు అడగాలి. హైదరాబాద్ అభిమానులకు అడిగే హక్కు అందరికంటే ఎక్కువ. పోగొట్టుకున్నది వాళ్లు.

ఇక మన ఇంటి సంగతి. పెద్ద డబ్బు ఉద్దానం గట్టు మీదికీ వస్తోంది. టెక్కలి పక్కన మూలపేటలో ఓడరేవు లేస్తోంది. భూముల ధరలు మారాయి. సంక్రాంతి టోర్నీ గేటు మీద నాయకుల ఫ్లెక్సీ మన కమిటీ బోర్డు కంటే పెద్దదైంది. మొదటి బహుమతి వేలు దాటి లక్షల్లోకి పోతోంది. ఆ డబ్బు కోసం బయట నుంచి ఆటగాళ్లను రోజు కిరాయికి తెచ్చే జట్లు పెరిగాయి. ఊరి కుర్రాడు గట్టున కూర్చుని తన ఊరి పేరున్న చొక్కా ఇంకెవరి ఒంటి మీదో చూస్తున్నాడు. హైదరాబాద్‌లో జరిగింది ఇంకా మనకు జరగలేదు. కానీ దారి అదే. కొన్ని ఊళ్లలో ముక్కనుమ నాడు లెక్క చదవడం ఇప్పటికే మానేశారు. 'స్పాన్సర్ గారు అంతా చూసుకున్నారు' అని ఒక్క ముక్కలో తేల్చేస్తున్నారు.

కమిటీ కుర్రాళ్లకు నా మనవి ఒకటే. స్పాన్సర్ వస్తే రానివ్వండి, దండ వేయండి, పేరు చదవండి. ఆయనిచ్చింది కూడా ఆ నోటు పుస్తకంలోనే రాయండి, వంద రూపాయలిచ్చిన ఇంటి పక్క వరసలో. జట్టులో కనీసం నలుగురు మన ఊరివాళ్లే ఉండాలని కాగితం మీద పెట్టుకోండి. వచ్చే ముక్కనుమ సాయంత్రం, షీల్డు ఊరేగింపు వెళ్లిపోయాక, మైకు మాత్రం ఆపకండి. డీజిలుకి అంతెలా అయ్యిందని ఎవరో ఒకరు అడుగుతారు. బిల్లు దగ్గర పెట్టుకోండి.